పొయ్యి కింది బాణం గుర్తు

నాది రాళ్ల పిచ్చి. రత్నాలు కాదు, సర్వే రాళ్లు. ఎప్పుడో భూమి ఎత్తు కొలిచినవాళ్లు బండల మీద చెక్కిపోయిన గుర్తులను వెతుక్కుంటూ ఆదివారాలు తిరుగుతుంటాను. బడిలో సోషల్ చెప్పే టీచర్ని కాబట్టి మొదట్లో ఇంట్లో సర్దుకున్నారు. ఇప్పుడు మా ఆయన, "కడపలో రాళ్లు చాలకనా హైదరాబాదుకొచ్చింది?" అంటుంటాడు.

ఈ పిచ్చి ఉన్నవాళ్లం ఫోన్ గ్రూపులో పదకొండు మందిమి. గుర్తు దొరికితే ఫొటో తీసి, చోటు రాసి, అందరూ చూసే మ్యాపులో పెట్టాలన్నది మా నియమం. తార్నాక పక్కన విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక గుర్తు ఉండాలని పాత పటం చెబుతోంది. ముగ్గురు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. దాంతో నాకు పంతం పుట్టింది.

ఉదయం ఆరూ నలభైకి రామంతాపూర్‌లో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టిచ్చింది. హబ్సిగూడలో మారి తార్నాక చేరేసరికి ఏడూ ఇరవై. బస్సులో పక్క సీట్లో కోచింగ్‌కి పోతున్న అమ్మాయి నా చేతిలో రాళ్లు రుద్దే బ్రష్షు చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"దొరికితే ఏమొస్తది ఆంటీ?"

ఏమీ రాదన్నాను. ఆ జవాబు ఎందుకో నచ్చినట్టుంది, దిగేటప్పుడు ఆల్ ది బెస్ట్ చెప్పి మరీ పోయింది.

మెట్రో స్తంభాల దగ్గర బండి మీద నలభై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. చట్నీలో కారమన్నదే లేదు. అక్కడి నుంచి ఆవరణలోకి నడక, ఇరవై నిమిషాలు.

పటంలో గుర్తు ఒక కల్వర్టుకు తూర్పున, రెండు గుండ్ల నడుమ ఉంది. కల్వర్టు ఎప్పుడో రోడ్డు కిందికి పోయింది. గుండ్లు మాత్రం ఎటు చూసినా ఉన్నాయి. ఎనిమిది నుంచి పదిన్నర దాకా తిరిగితే దొరికినవి బండల మీద ప్రేమికుల పేర్లు, రెండు నెమళ్లు, కాళ్ల నిండా పల్లేరుకాయలు.

అలసిపోయి ఒక చెట్టు కింద టీ కొట్టు దగ్గర కూలబడ్డాను. కొట్టు నడిపే యాదమ్మది జనగామ వైపు. నేను వెతుకుతున్నదేమిటో నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చూపించాను: ఒక అడ్డగీత, దాని కింద పైకి చూసే బాణం. ఆమె బొమ్మ వైపు చూసి, నా వైపు చూసి, గ్యాస్ కట్టేసింది. గిన్నె దించి, పొయ్యి ఎత్తి పక్కన పెట్టింది. కింద నల్లటి చదును బండ.

"గిదేనా చూడు మేడం."

పొంగిన పాలు మాడి అట్ట కట్టాయి. బ్రష్షుతో రుద్దుతుంటే ముందు అడ్డగీత, తర్వాత బాణం బయటపడ్డాయి. అంత సంతోషం ఈ మధ్యకాలంలో ఎరగను.

ఇది సర్కారు రాయి, దీన్నెవరూ కదిలించరని యాదమ్మకు వాళ్ల అత్త చెప్పిందట. రాయిని కదిలించకపోతే దాని మీదున్న తననూ కదిలించరని, ఏరికోరి దాని మీదే పొయ్యి పెట్టింది. చుట్టుపక్కల కొట్లను రెండుసార్లు లేపేసినా తనది నిలిచిందంటే ఈ రాయి చలవేనని ఆమె నమ్మకం.

అంతలో టీ కోసం వచ్చిన గార్డు మల్లేశ్ వంగి చూశాడు. అవతలి గేటు దగ్గర ఇలాంటి రాయే బయటపడితే ఎవరో ఆఫీసులో చెప్పారట. చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, పక్కనున్న కొట్లన్నీ తీయించారట.

"గిది ఎరుకైతే గీడ గూడ జాలీ కొడ్తరు మేడం. ఎవ్వల్ని ఉండనియ్యరు," అన్నాడు.

యాదమ్మ లైటర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోందని, అంతా ఈ కొట్టు మీదేనని ఇందాకే చెప్పింది.

"మీరు ఆఫీసుల చెప్తరా మేడం?"

నేను ఆఫీసుకు చెప్పక్కర్లేదు. మ్యాపులో పెడితే చాలు, వాళ్లే చూసుకుంటారు. ఫోన్ చేతిలోనే ఉంది, కెమెరా తెరిచే ఉంది. అప్పటికప్పుడే వద్దనుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. ముగ్గురు ఓడిపోయిన చోట నేను గెలిచానని చెప్పుకోవాలని చాలా ఆశపడ్డాను. కాసేపటికి ఫోన్ సంచిలో వేశాను. చెప్పనన్నాను. ఈ రాయిని చూసి ఎవరూ ఆగరని, ఆఫీసువాళ్లు కొట్టు లేపాలనుకుంటే ఎప్పుడైనా లేపగలరని కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే మోసమనిపించింది.

"నాకెర్క లేదా మేడం," అంది యాదమ్మ. "గని ఏదో ఒక ధైర్యముండాలె గద."

ఇద్దరం పొయ్యి ఎత్తి బండ మీద పెట్టాం. మల్లేశ్ రోడ్డు వైపు తిరిగి, చాయ్ ఇంకెంతసేపని అడిగాడు.

పన్నెండుంబావుకు తార్నాకలో బస్సు దొరికింది. గ్రూపులో అందరూ అడుగుతున్నారు. దొరకలేదని రాశాను. ఆ గ్రూపులో నేనాడిన మొదటి అబద్ధమది. హబ్సిగూడ దాకా మనసు చివుక్కుమంటూనే ఉంది. రామంతాపూర్‌లో దిగేసరికి తేలికపడింది.

మీరూ వెళ్లాలనుకుంటే ఎండకు ముందే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి. మనుషుల పేర్లు మార్చాను, ఆ కొట్టు ఎక్కడో చెప్పను. ఆ ఆవరణలో టీ కొట్లు చాలా ఉన్నాయి. ఎక్కడైనా కూర్చుని టీ తాగండి. పొయ్యి మాత్రం ఎత్తమనకండి.