విగ్రహంతో పాటు వెళ్లిన మొక్క

1982 వానాకాలం. నంద్యాలలో ఒక వ్యవసాయ పరిశోధన విభాగంలో నేను రీసెర్చ్ అసిస్టెంటుని. మా పాపకు అప్పుడు ఎనిమిదో నెల. పొద్దున పాలిచ్చి అత్తమ్మ చేతిలో పెట్టి బస్సెక్కితే, సాయంత్రం దాకా నా ధ్యాస సగం ఇంటి దగ్గరే ఉండేది.

నా పని కలుపుమొక్కల సర్వే. పార్థీనియం, అంటే జనం వయ్యారిభామ అనే తెల్లపూల మొక్క, బయటి దేశం నుంచి వచ్చి మన నేలలోకి చొచ్చుకుపోతున్నది. అది ఎంత దూరం పాకిందో మ్యాపు మీద గుర్తు పెట్టాలి. ఒక చదరపు మీటరు చెక్కచట్రాన్ని నేల మీద వేసి, దాని లోపలి మొక్కలు లెక్కపెడతాం. ఆ చట్రాన్ని క్వాడ్రాట్ అంటారు. కడప రోడ్డు పొడవునా, బస్టాండ్ల చుట్టూ మొక్క వరసగా కనిపించింది. కానీ దొర్నిపాడు అవతల బస్సు కూడా పోని ఒక పల్లెలో, కొత్త గుడి వెనక మాత్రం గుబురుగా మొలిచింది. ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

మ్యాపు చూసి మా ఆఫీసరు అన్నారు: "క్యాన్సర్ కూడా ఇంతేనమ్మా. గడ్డ ఉన్నచోటే పెరగడం ఒక పద్ధతి. ఒక కణం విడిపోయి, రక్తంలో కొట్టుకుపోయి, దూరంగా ఇంకోచోట పాతుకోవడం రెండోది. దాన్నే మెటాస్టాసిస్ అంటారు. ఈ మొక్కను అంత దూరం మోసుకుపోయిన రక్తనాళమేదో కనుక్కో."

మళ్లీ ఆ పల్లెకు వెళ్లి, గుడి అరుగు మీదున్న ఒక పెద్దాయనను అడిగాను, ఈమధ్య ఊళ్లోకి కొత్తగా ఏమొచ్చిందని.

"ఏమొస్తాది మ్మా, దేవుడొచ్చినాడు. ఆళ్లగడ్డ నుంచి, ఎద్దులబండిలో."

ఆ విగ్రహం చెక్కిన వీరాచారి పని చోటు ఆళ్లగడ్డలో రోడ్డుకు దగ్గరే. నేను వెళ్లేసరికి ఆయన ఆంజనేయుడి తోక చెక్కుతున్నాడు. ఉలి పట్టిన వేళ్లు నల్లగా మందమెక్కి పగిలి ఉన్నాయి. కనురెప్పలు వాచాయి, మెడంతా పొలుసులు. నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంది.

ఆయన అది చూశాడు. "భయపడాకు మ్మా. ఇన్ని దినాలూ రాయికే అంటుకోలేదు, నీకేం అంటుకుంటాది?"

ఆయన నవ్వినా పక్కనే ఉన్న భార్య నవ్వలేదు. "కుష్టు అని పుకారు పుట్టించినారు మ్మా. ఈ విగ్రహం చెయ్యమని చెప్పిన పెద్దరెడ్డి నిన్న వచ్చినాడు. కండ్లు ఇంకొకరితో తెరిపిస్తానని చెప్పి పాయ."

విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర చెక్కుతారు. ఆ పని వేరేవాళ్ల చేతికి పోతే ఇక తన దగ్గరికి ఎవరూ రారని వీరాచారికి తెలుసు.

"దురద పెడుతుందా?" అని అడిగాను.

"అట్లా అడుగుతావేంది మ్మా! తోలు ఊడబెరుక్కోవాలనిపిస్తాది."

కుష్టు మచ్చకు స్పర్శ ఉండదని చదువుకున్నాను. అప్పుడు చూశాను, గోడవారన నా ఎత్తున పేర్చిన మోపులు. అన్నీ పూలతో, గింజలతో ఉన్న వయ్యారిభామే.

"అదా? బండిలో విగ్రహం చెవులు, వేళ్లు విరగకుండా చుట్టూ కూరేదానికి. వరిగడ్డి గొడ్లకే చాలకుండా ఉంది. దీన్ని గొడ్డు తినదు, మేక ముట్టదు. మెత్తగా ఉంటాది."

రక్తనాళం దొరికింది. దాంతోపాటే ఆయన జబ్బు కూడా దొరికిందేమో అనిపించింది. కానీ నేను డాక్టరును కాను.

ఆయన్ను నంద్యాలలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు గుండుసూదితో గుచ్చి చూసి, వీపు మీద ఒకచోట రాతిదుమ్ము, ఒకచోట ఆ ఆకు పసరు పెట్టి పట్టీ వేశాడు. ప్యాచ్ టెస్ట్ అంటారు. రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రోజులూ పాప మెడ మీది చెమటకాయలను గంటకోసారి చూశాను. అత్తమ్మ కసిరింది: "ఏందే, బిడ్డను కోడిపిల్లను తిప్పినట్ల తిప్పుతాండావు!"

పట్టీలు విప్పితే రాతిదుమ్ము పెట్టినచోట ఏమీ లేదు. పసరు పెట్టినచోట ఎర్రగా పొంగింది. కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే తాకిన వస్తువు పడక వచ్చే చర్మవ్యాధి. కుష్టు కాదు అని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

పెద్దరెడ్డి విగ్రహం చూడటానికి వచ్చిన రోజు ఆ చీటీ చూపించాను. రెండుసార్లు చదివి మడిచాడు. "చీటీ బాగానే ఉంది. ఈయన చేత్తో నీళ్లిస్తే నువ్వు తాగుతావా మ్మా?"

వీరాచారి లేచి, కడవలోంచి చెంబు ముంచి తెచ్చాడు. చీటీలోని ప్రతి మాటా నాకు తెలుసు. అయినా చెంబు అందుకునేటప్పుడు పాప ముఖమే కళ్లముందుంది. గుక్క తిప్పుకోకుండా తాగేశాను.

పెద్దరెడ్డి కండువా దులుపుకుని లేచాడు. "కండ్లు నువ్వే తెరువప్పా."

మోపులు కాల్చేశారు. ఆంజనేయుడు వరిగడ్డిలోనే ప్రయాణమయ్యాడు. మూడు నెలలకు వీరాచారి చేతులు చాలావరకు మామూలుగా అయ్యాయి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ సర్వే రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే, బిడ్డకు ఏమీ అంటకూడదని, పెరటి మెట్టు దగ్గర చీర కుచ్చిళ్లు, సంచి బాగా దులిపి గానీ పాపను ఎత్తుకునేదాన్ని కాదు. మరుసటేడు వానలకు సరిగ్గా ఆ మెట్టు కింద వయ్యారిభామ మొలిచింది. మా వీధిలో అంతకుముందు ఒక్క మొక్క లేదు. నేను చూసేసరికి పాప, అప్పటికి బాగా నడుస్తున్నది, గుప్పెట్లో తెల్లపూలు పట్టుకుని నాకివ్వడానికి వస్తోంది. చేతులు మూడుసార్లు కడిగాను. వారం రోజులు మోచేతి మడతలు చూస్తూనే ఉన్నాను. అదృష్టం, ఏమీ కాలేదు.

తర్వాత ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే వీరాచారి ఉలి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "అయితే ఇద్దరం ఒకే పని చేసినాం కదా మ్మా! నేను దేవునికి దెబ్బ తగలకూడదని, నువ్వు బిడ్డకు తగలకూడదని."

మా సర్వే ఫారంలో 'వ్యాప్తి మార్గం' అని ఒక గడి ఉంటుంది. గాలి, నీరు, వాహనాలు, పశువులు అని అచ్చువేసి ఉంటాయి. ఆ ఏడాది నుంచి ప్రతి ఫారంలోనూ వాటి కింద పెన్నుతో ఇంకో మాట చేరుస్తున్నాను: సర్వేకు వచ్చినవారు.