పూర్ణిమ చెప్పిన నెలల లెక్క

గద్వాలలో ఒక నేతన్నల ఇంటి కోడలు పూర్ణిమకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. కుడి చెవి చక్కగా ఉంది. ఎడమ చెవి ఉండాల్సిన చోట చిక్కుడు గింజంత కండ. ఏడిస్తే మూతి కుడివైపుకే లాగేది, ఎడమ చెంప కదిలేది కాదు.

"చెప్తే విన్నవా? గ్రహణం నాడు కదలకుండ పండుకొమ్మంటే రాట్నం ముందల కూసున్నవ్" అంది అత్త సుభద్రమ్మ, పాపను చేతుల్లోకైనా తీసుకోకుండా.

అందులో అబద్ధమేమీ లేదు. దీపావళి మరునాడు సాయంత్రం సూర్యగ్రహణం పట్టినప్పుడు పూర్ణిమకు ఏడో నెల. పండగకు ఆగిన చీర పని సాగాలని రాట్నం మీద నూలు కండెలు చుడుతూ కూర్చుంది. పాపకు ప్రణీత అని పేరు పెట్టారు గానీ వీధిలో అందరికీ 'గ్రహణం పొల్ల'. ఎండాకాలంలో కూడా అత్త ఆ చెవి కనపడకుండా టోపీ తొడిగేది. పూర్ణిమ ఎదురు చెప్పలేదు. రెండేళ్లు తనను తానే తిట్టుకుంటూ గడిపింది.

పాప వినికిడి పరీక్షలకని భర్త శివకుమార్‌తో హైదరాబాద్ వెళ్లింది. కుడి చెవి బాగా వింటోందని, మాటలు వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. శివకుమార్ కాగితాలు సర్దుకున్నాడు. పూర్ణిమ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మేడమ్, గ్రహణంల నేను కండెలు చుట్టిన. అందుకేనా గిట్లయింది?"

డాక్టరమ్మ నవ్వలేదు. "అప్పుడు నీకెన్నో నెల?"

"ఏడు."

ఆవిడ ఒక కాగితం మీద వంకర తిరిగిన చిన్న ఆకారం గీసింది. "నాలుగైదు వారాలప్పుడు బిడ్డ బియ్యపు గింజంత ఉంటుందమ్మా. తల కింద, మెడ దగ్గర, రెండు పక్కలా మడతలు వస్తాయి. ఒక్కో మడతకు ఒక్కో నరం. మొదటి మడత నుంచి దవడ, నమిలే కండరాలు. రెండోదాని నుంచి నవ్వే కండరాలు. ఆ రెండింటి అంచున ఆరు బుడిపెలు లేచి, కలిసి, చెవి అవుతుంది. మీ పాపకు ఎడమవైపు ఆ పని సగంలో ఆగింది. అందుకే చెవి, నవ్వు రెండూ ఒకే పక్కన తక్కువయ్యాయి. ఇదంతా రెండో నెలలోనే జరిగిపోతుంది. నీ గ్రహణం వచ్చేసరికి పాప ముఖం ఎప్పుడో తయారైంది."

"మరెందుకు ఆగింది?"

"అది మాకూ సరిగ్గా తెలియదు. నీ చేతుల వల్ల మాత్రం కాదు."

తిరుగు బస్సులో పూర్ణిమ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఊరు దగ్గరపడేకొద్దీ పెరిగింది.

నెల తిరగకుండానే ఆడపడుచు సరితకు శ్రీమంతం. ఆమెకు ఐదో నెల. "పొల్లను తీస్కొని లోపలి అర్రల కూసో. కడుపుతోనున్నది చూస్తే మంచిది గాదు" అని అత్త ముందే హెచ్చరించింది.

పూర్ణిమ పాప తల దువ్వి, రెండు జడలు వేసి, టోపీ లేకుండా ఎత్తుకొచ్చి వాకిట్లో ఆడవాళ్ల నడుమ కూర్చుంది. గాజులు తొడుగుతున్న చేతులు ఆగిపోయాయి.

"నీకు సిగ్గున్నదా?" అంది సుభద్రమ్మ.

"నాకెందుకు అత్తమ్మా సిగ్గు? నా బిడ్డ మొఖం రెండో నెలలనే అయిపోయింది. గ్రహణం ఏడో నెలల పట్టింది. రెండేండ్లు మీరు నన్నన్నరు, పడ్డ. ఇగ పడ. ఎవరన్న 'గ్రహణం పొల్ల' అంటే వాళ్లింటికొచ్చి నెలలు లెక్కబెట్టి చెప్త."

పసుపు రాసిన చేతులు చాచి సరిత అడిగింది. "వదినా, అట్లైతే నా కడుపులున్న బిడ్డ మొఖం గూడ అయిపోయినట్లేనా?"

"ఎప్పుడో అయిపోయింది."

"అయితే పొల్లను నా ఒళ్లె కూసోబెట్టు."

సుభద్రమ్మ లేచి లోపలికి పోయింది. పదిహేను రోజులు కోడలు వండింది ముట్టలేదు. పూర్ణిమ బతిమాలలేదు.

అంగన్‌వాడీలో ఫొటో తీసేరోజు టీచరమ్మ ప్రణీత గడ్డం పట్టుకుని ముఖాన్ని మెల్లగా పక్కకు తిప్పబోయింది, ఫొటోలో కుడి చెంప ఒక్కటే పడాలని. గడపలో నిలబడ్డ పూర్ణిమ అక్కడి నుంచే అంది.

"తిప్పకుర్రి టీచరమ్మా. సీదా తీయుర్రి."