ఖాళీ డబ్బాను చల్లబరిచిన రోజు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మహారాష్ట్రలో చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ పోయే రోడ్డు మీదున్న ఒక శీతల గిడ్డంగిలో డిస్పాచ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఈ సంగతి ఆ ఏడాది మిరుగం కార్తె దాటాక, తొలి వాన పడిన మర్నాడు జరిగింది. సీతాఫలం గుజ్జును గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది, గల్ఫ్‌లో ఐస్‌క్రీం చేసేవాళ్లకు పంపడం మా పని. బొగ్గు లారీల మధ్య నుంచి సీతాఫలం సముద్రం దాటుతుందంటే కోర్పనా ఊళ్లోని మా చుట్టాలు నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది గాని, ఆ జాబితా ఇక్కడ అవసరం లేదు.

డిస్పాచ్ సూపర్‌వైజర్ అంటే మేనేజర్‌కు కింద, లోడింగ్ కూలీలకు పైన. రిఫ్రిజిరేషన్ టెక్నీషియన్ మాత్రం నాకు పైనా కాదు, కిందా కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా టెక్నీషియన్ పేరు మల్లేశ్. వాళ్ల నాన్న తెలంగాణ నుంచి పద్మాపూర్ గనిలో పనికి వచ్చి స్థిరపడ్డాడు. మల్లేశ్ ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదివాడు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్ చివర మేనేజర్ సంతకం పెడితేనే ఇంకో ఏడాది.

అతని మీద నాకు పాత ఫిర్యాదు ఒకటి ఉంది. అంతకుముందు ఎండాకాలంలో, నా కుర్చీ వైపు తిరిగి ఉన్న కూలర్‌ను అతను పానెల్ బోర్డు వైపు తిప్పాడు. పానెల్ వేడెక్కితే ప్లాంటు ఆగిపోతుందని అతని వాదన. నేను వేడెక్కితే ఏమవుతుందో అతను ఆలోచించలేదు. ఆ రోజే రెండు పేజీల ఫిర్యాదు రాసి మేనేజర్‌కు ఇచ్చాను. జవాబు రాలేదు.

ఇక పని సంగతి. గడ్డకట్టిన సరుకు విదేశాలకు పోయేది రీఫర్ కంటైనర్‌లో. మేం డబ్బా అనేవాళ్లం. దాని ముందు గోడలో చల్లబరిచే మిషన్ ఉంటుంది. మిషన్ లోపల కాయిల్ ఉంటుంది. ఆ కాయిల్ మీదుగా వచ్చిన చల్లగాలి నేల గాడుల గుండా వెళ్లి, పెట్టెల చుట్టూ తిరిగి మళ్లీ మిషన్‌లోకి చేరుతుంది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర పెట్టి, నాగపూర్ డిపో నుంచి రైలు మీద, అక్కడి నుంచి ఓడ మీద పంపుతారు.

నేను అంతకుముందు ఇరవై ఏళ్లు పాల వ్యాన్ల దగ్గర చేశాను. వాటిని షెడ్డులో నిలిపి, ముందుగా చల్లబరిచి, అప్పుడు పాలు ఎక్కించేవాళ్లం. ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఆ పద్ధతినే ఇక్కడా తెచ్చి, లోడింగ్ గోడ మీద ఎర్ర రంగుతో రాయించాను: "ముందు డబ్బా చల్లగా, తర్వాత సరుకు." తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. మా డబ్బాలు షెడ్డులో కాక ఆరుబయట నిలబడతాయన్న తేడా నా లెక్కలోకి రాలేదు. ఎండాకాలమంతా గాలి పొడిగా ఉండి, పెద్ద ఇబ్బంది లేకుండా నడిచింది. దాన్ని నా ప్రతిభ అనుకున్నాను.

ఆ రోజు ముందు రాత్రి వాన వల్ల నేలంతా ఆవిర్లు కక్కుతోంది. ఖాళీ డబ్బాకు రెండు గంటలు మిషన్ నడపమన్నాను. మల్లేశ్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సార్, ఖాళీ డబ్బ చల్లగ జేసి తలుపులు దీస్తే, ఈ తడిగాలంత లోపటికి వోయి కాయిల్ మీద బరఫ్ గడ్తది. మిషిన్ బంద్ వెట్టి లోడ్ జేద్దం. తలుపులు మూసినంక మల్ల షురు జేద్దం."

నేను గోడ వైపు చూపించాను.

"గా గోడకు వాన వడ్డది తెల్వదు సార్," అన్నాడు.

ఇద్దరు కూలీలు నవ్వారు. అభ్యంతరం ఉంటే రాసివ్వమన్నాను. తెలుగులో రాయరాదన్నాడు. మరాఠీలోనే రాసి ఏడవమన్నాను. అతను వెళ్లిపోయాడు. నా మాట నెగ్గిందనుకున్నాను.

తలుపులు తీయగానే తెల్లటి పొగ గుప్పున లేచింది. చల్లదనం అంటే ఇదీ అని కూలీలకు చూపించాను. నిజానికి ఆ పొగంతా బయటి తడి. లోడింగ్ రెండు గంటలు పట్టింది, మిషన్ నడుస్తూనే ఉంది. మూసి సీలు వేసిన గంటకు డిస్‌ప్లే మైనస్ పదకొండు చూపించి అలారం మొదలుపెట్టింది. మల్లేశ్ మిషన్ మూత విప్పాడు. కాయిల్ కనబడలేదు. దాని చోట ఒక మంచు దిమ్మ ఉంది. గాలి పోయే సందు ఎక్కడా లేదు.

పెట్టెలన్నీ తిరిగి కోల్డ్ రూముకు చేరాయి. సరుకు దక్కింది. కాని దిమ్మ కరిగేసరికి డబ్బా నాగపూర్ డిపో గేటుకు చేరాల్సిన గడువు దాటిపోయింది, ఆ వారం ఓడ మా డబ్బా లేకుండానే వెళ్లింది. కారణం రాతపూర్వకంగా కావాలని మేనేజర్ అడిగాడు. అలాంటి కాగితాలు నాకంటే త్వరగా రాసేవాడు ఆ జిల్లాలో లేడు. మూడు పేజీలు రాశాను. మిషన్‌లో లోపం, టెక్నీషియన్ నిర్లక్ష్యం, పెద్దలంటే గౌరవం లేకపోవడం, కూలర్. నాలుగో పేరాలో ఇలా రాశాను: "ప్రమాదం ముందే తెలిసి ఉంటే, సదరు టెక్నీషియన్ రాతపూర్వకంగా ఎందుకు హెచ్చరించలేదో వివరణ కోరవలెను." తర్వాత జతపరిచే కాగితాల జాబితాలో ఆనాటి లాగ్‌బుక్ పేజీని కూడా చేర్చాను.

మేనేజర్ మరాఠీ ఆయన, మాట తక్కువ. మల్లేశ్ పొడిగింపు కాగితం తన టేబుల్ మీదే ఉందనీ, నేను జతపరిచే కాగితాలు చూశాక దాన్ని ఉంచాలో చింపాలో తేలుస్తాననీ చెప్పాడు.

సాయంత్రం మల్లేశ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమని నేను అనలేదు.

"ఫిర్యాద్ జేసుకోన్రి సార్. గాని నేను చెప్పలేదని మాత్రం రాయకున్రి."

"రాసిచ్చినవా?"

"ఇచ్చిన గద. మీరే దస్తఖత్ జేసిన్రు."

ఇది కొత్త అబద్ధమని, దీన్ని ఐదో పేరాగా కలుపుదామని లాగ్‌బుక్ తెప్పించాను. అందులో రోజూ ఉష్ణోగ్రతల గడులు చూసి సంతకం పెట్టేవాణ్ణి. చివర 'ఇతర విషయాలు' అన్న గడి ఉంటుంది. ఏళ్లుగా అది ఖాళీగానే ఉంటుంది కాబట్టి అటు చూడటం మానేశాను. ఆ రోజు పేజీలో ఆ గడి నిండా చిన్న మరాఠీ అక్షరాలు ఉన్నాయి. ఖాళీ డబ్బా చల్లబరిచి తలుపులు తీస్తే కాయిల్ గడ్డకడుతుంది, సూపర్‌వైజర్ సాహెబ్‌కు చెప్పాను, రాసివ్వమన్నారు, రాశాను, వారి ఆదేశం ప్రకారం నడుపుతున్నాను. టైము తలుపులు తీయకముందుది. దాని కిందే, ఆకుపచ్చ సిరాలో నా సంతకం. గెజిటెడ్ అధికారిని కాకపోయినా అక్కడ ఆకుపచ్చ సిరా వాడేవాణ్ణి నేనొక్కణ్ణే.

పేజీ చింపాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. కాని ఆ పుస్తకానికి పేజీ నంబర్లు అచ్చు వేయించింది నేనే. మునుపటి టెక్నీషియన్ పేజీలు చింపుతున్నాడని రెండేళ్లు పోట్లాడి మరీ వేయించాను.

మర్నాడు మేనేజర్‌కు ఆ లాగ్‌బుక్ పేజీతో సహా జత కాగితాలు ఇచ్చాను. పైన మరో ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు చేయువారు: డిస్పాచ్ సూపర్‌వైజర్. ఎవరి మీద: డిస్పాచ్ సూపర్‌వైజర్. మేనేజర్ రెండుసార్లు చదివాడు. నిందితుడి వివరణ తీసుకున్నారా అని అడిగాడు. తీసుకున్నానని, సంతృప్తికరంగా లేదని చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం చూశాను. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

నా సర్వీసులో మొదటి మెమో ఆ వారమే వచ్చింది. మల్లేశ్ కాగితం మీద సంతకం పడింది. తర్వాతి ఓడకు డబ్బాను అతను చెప్పినట్టే, తెల్లవారుజామున, మిషన్ ఆపి నింపాం. కాయిల్ శుభ్రంగా ఉంది. సరుకు చేరింది.

ఆ తర్వాత మల్లేశ్ సున్నం డబ్బాతో వచ్చాడు.

"గోడ మీదిది తుడ్శెయ్యాల్నా సార్?"

రాసివ్వమన్నాను. లాగ్‌బుక్‌లో చివరి గడిలో రాశాడు. చదివాకే సంతకం పెట్టాను.

రీఫర్ డబ్బా సరుకును చల్లబరచదు, చల్లగా ఎక్కించినదాన్ని చల్లగా ఉంచుతుంది, అంతే. తలుపులు తెరిచి ఉన్నంతసేపు దాని మిషన్ ఆగి ఉండాలి. లాగ్‌బుక్‌ను చివరి గడి నుంచి చదవాలి. నేను నేర్చుకున్నది ఇంతే. కూలర్ మీద ఫిర్యాదు మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు. జవాబు ఇంకా రావలసి ఉంది.