రిజిస్టరు కాని దస్తావేజు

మా పెదనాన్న వృత్తి దస్తావేజులు రాయడం. మద్రాసులో రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఒక పాత మేడ వసారాలో ఆయన వాలుబల్ల ఉండేది. ఇల్లో దొడ్డో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోయే ప్రతిసారీ "ఇక ఇది ఎప్పటికీ నీదే" అని గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టేవాడు. తాను మాత్రం చూలైలో రెండు గదుల వాటాలో, పదకొండు నెలలకొకసారి తిరగరాసుకునే అద్దె కాగితం మీద ఇరవై ఏళ్లు కాపురం చేశాడు. ఆ కాగితం కూడా ఆయనే రాసుకునేవాడు. అందులో ఒక్క ఘనమైన మాట కూడా ఉండేది కాదు.

ఆ ఇంటికి నేను ఆరేళ్ల వయసులో వచ్చాను. మా అమ్మ కవలపిల్లల్ని కని మంచం పట్టింది. సూళ్లూరుపేట అవతల ఒక పల్లెలో బడిపంతులుగా ఉన్న నాన్న ముగ్గురు పిల్లల్నీ ఒంటిచేత్తో సాకలేక, నన్ను తెచ్చి అమ్మకు సొంత అక్క అయిన పెద్దమ్మ దగ్గర దింపాడు. "నాలుగు నెలలు చూసుకోండి" అన్నాడు. అమ్మ లేచి తిరగడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా నన్ను చూలైలోనే బళ్లో వేశారు. ఆ తరవాత ఎండాకాలం సెలవులకు పల్లెకు పోవడం, బడి తెరిచే వేళకు తిరిగి రావడం అలవాటైపోయింది. తీసుకుపోతామని వాళ్లు గట్టిగా అనలేదు. ఉంచుకుంటామని వీళ్లూ గట్టిగా అనలేదు. నేను ఎవరి ఇంటి పిల్లనో తెలియకుండా నాలుగు తరగతులు చదివేశాను.

పెద్దమ్మకు పిల్లలు లేరు. ఇద్దరు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారని నాకు తెలుసు. కానీ దానికీ ఆమె తీరుకూ ముడి వేసుకునే వయసు కాదు నాది. కొళాయి దగ్గర ఎవరైనా "ఈ పాప ఎవరు?" అంటే చాలు, బిందె కడుగుతూనే జవాబు చెప్పేది.

"మా చెల్లెలి బిడ్డ. రెండు నాళ్లు ఉండి పోదామని వచ్చుండాది."

మొదటి ఏడూ అదే మాట, మూడో ఏడూ అదే మాట. కొళాయి దగ్గరి వాళ్లకు కూడా నవ్వొచ్చేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది. పెరిగే పిల్లకు పావడా కుట్టిస్తే ఏ తల్లి అయినా కింద రెండు మడతలు వేయిస్తుంది, వచ్చే ఏడాది విప్పి పొడుగు చేయొచ్చని. మా పెద్దమ్మ దర్జీతో "మడతలేమీ వొద్దప్పా, ఇప్పటికి సరిపోతే చాలు" అనేది. బళ్లో ఆడపిల్లలందరి పావడాలకూ మడతలుండేవి. నా దానికి ఉండేవి కావు. ఆ సంగతి ఎవరూ గమనించి ఉండరు. నేను మాత్రం వచ్చే ఏడాది లేని పిల్లలాగా నడిచేదాన్ని. పెద్దమ్మ అన్నం కలిపి పెట్టేది, జ్వరం వస్తే పక్కనే కూర్చునేది, తల దువ్వితే చిక్కు తగలకుండా దువ్వేది. అయినా ఆమెకు నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను. పిల్లల లెక్కలు అంత మొండివి.

పెదనాన్న పొద్దున్నే ఇంట్లో చిత్తు ప్రతులు చూసుకునేవాడు. ఒక ప్రతి నేను పైకి చదివితే, రెండోది ఆయన కంటితో సరిచూసేవాడు. ఆ చదువుల్లోనే నాకు 'ఎప్పటికీ' అనే మాటను ఎన్ని రకాలుగా అనొచ్చో తెలిసింది. తెలుగు దస్తావేజుల్లో 'ఆచంద్రార్కస్థాయిగా' అని రాసేవాడు, సూర్యుడూ చంద్రుడూ ఉన్నంత కాలం అని. తమిళం వాళ్లు దాంతో తృప్తిపడేవాళ్లు కాదు. 'కల్లుం కావేరియుం, పుల్లుం బూమియుం ఉళ్ళవరై' అని కూడా రాయించుకునేవాళ్లు. రాయీ కావేరీ, గడ్డీ భూమీ ఉన్నంత వరకు అన్నమాట. సౌకార్‌పేట వ్యాపారులు వస్తే, పక్క బల్ల ముసలి మున్షీని అడిగి 'నస్లన్ బాద్ నస్లన్' అనే మాట పెట్టేవాడు. అంటే తరం తరవాత తరం. ఇంగ్లీషు కాగితాల్లో మాత్రం 'ఫర్ ఎవర్' అని రెండు ముక్కలు, అంతే.

"ఇంగ్లీషోళ్లకు సూర్యుడు లేడా పెదనాన్నా?" అని అడిగాను.

"ఉండాడు. వాళ్లకు నమ్మకం చట్టం మీద. మనకు చట్టం మీద నమ్మకం లేదు, అందుకే సూర్యుణ్ని పిలుస్తాం" అన్నాడు.

నాకు తమిళం మాటే నచ్చింది. కానీ ఒక అనుమానం. "రాయి సరే, గడ్డి ఎండిపోతాది కదా, దాన్నెందుకు పెట్టినారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు తెలియనప్పుడు ఆయన చేసే పని అదే. దాన్ని మళ్లీ పెట్టుకుంటూ "ఎండినా మళ్లా మొలుస్తాది గదమ్మా. రాయి మొలవదు" అన్నాడు.

తొమ్మిదేళ్లప్పుడు నేనే ఒక దస్తావేజు రాశాను. పాడైపోయిన ఒక పెద్ద కాగితం వెనక వైపున, పెదనాన్న కలంతో. నన్ను నేను పెద్దమ్మకు రాసిచ్చుకున్నాను. ఏ భాషా అలగకుండా ఆచంద్రార్కాన్నీ కావేరినీ నస్లన్‌నీ ఫర్ ఎవర్‌నూ వరసగా పెట్టేశాను. ఆస్తి అన్నాక హద్దులుండాలి కదా! తూర్పున పెద్దమ్మ ట్రంకుపెట్టె, దక్షిణాన వంటిల్లు, పడమర పక్కవాటా గోడ, ఉత్తరాన వీధి అని రాశాను. సాక్షులు ఇద్దరు కావాలి. ఒకటి సూర్యుడు, రెండు చంద్రుడు అని రాసి, వాళ్లిద్దరి సంతకాలూ నేనే చేశాను.

పెదనాన్న దాన్ని చివరిదాకా నవ్వకుండా చదివాడు. "హద్దులు బాగుండాయి. సాక్షులతోనే చిక్కు. ఒకాయన పగలొస్తాడు, ఇంకొకాయన రాత్రొస్తాడు. ఇద్దర్నీ రిజిస్ట్రారు ముందర ఒకే పూట ఎట్ల నిలబెట్టేది?"

"మీరే రాయండి అయితే. సరిగ్గా రాయండి" అన్నాను.

అప్పుడాయన నిజం చెప్పాడు. పిల్లలు లేనివాళ్లు దత్తు తీసుకోవచ్చు కానీ, మన చట్టంలో మగపిల్లవాణ్ణే తీసుకోవాలట. ఆడపిల్లకు చోటు లేదట. "రాయను చేతకాక కాదమ్మా. రాస్తే అది నిలవదు. నిలవని మాట నీ పేరుమీద రాయలేను." ఊరందరికీ సూర్యచంద్రుల్ని తెచ్చిపెట్టే మనిషి ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆయనకు ప్రతులు చదివి పెట్టలేదు.

రెండేళ్లకు చట్టం మారింది. ఒక సాయంత్రం పెదనాన్న చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. ఆయన అలా చేయడం నేను ఎన్నడూ చూడలేదు. "ఏమే, ఇకమీదట ఆడబిడ్డను కూడా దత్తు తీసుకోవచ్చునంట!" అన్నాడు. పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. "సరి" అంది. చేట మాత్రం కింద పెట్టలేదు. నాకైతే ఆ రాత్రి అన్నం సయించలేదు సంతోషంతో. పల్లెకు ఉత్తరం వెళ్లింది. నాన్న వెంటనే సరేనని రాశాడు. ఆ ఉత్తరంలో అమ్మ మాట ఏదీ లేదు. అది కూడా అప్పుడు నేను గమనించలేదు.

ఒక ఆదివారం పొద్దున బండి దిగి ఇద్దరూ వచ్చారు. కవలల్ని నాయనమ్మ దగ్గర వదిలి వచ్చారు. అమ్మ నాకోసం వేరుశనగ ఉండలు తెచ్చింది. అప్పటికే వారం రోజులు కూర్చుని పెదనాన్న దత్తపత్రం చిత్తు రాసి ఉంచాడు. అంత అందమైన చేతిరాత ఆయనది అంతకు ముందెన్నడూ చూడలేదు. అందరం చాప మీద కూర్చున్నాం. రేపు ఆఫీసులో రిజిస్టరు చేయాలి గనక ఇవాళ అందరూ ఒకసారి వినాలని ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

ఊళ్ల పేర్లూ మనుషుల వివరాలూ అయ్యాయి. నన్ను ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టూ, పుచ్చుకుంటున్నట్టూ అయింది. ఆ తరవాత వాక్యం ఇది: "నేటి నుండి సదరు బాలికపై కన్నతల్లిదండ్రులమైన మాకు ఎట్టి హక్కు గాని, అధికారము గాని, సంబంధము గాని ఆచంద్రార్కము లేదు."

అమ్మ ఏడవలేదు. చెంగు భుజం మీదికి లాక్కుని "ఏడ సంతకం పెట్టాల బావా?" అని అడిగింది.

పెద్దమ్మ చేయి చాపి పెదనాన్న చేతిలో నుంచి కాగితం తీసుకుంది. ఆమెకు చదువు రాదు. ఆ వాక్యం ఎక్కడుందో తెలియక కాగితమంతా అరచేత్తో కప్పింది. "ఈ ముక్క తీసేయండి" అంది.

"అది తీసేస్తే దత్తు కాదే. చట్టమే అంత."

"అట్లయితే దత్తు వొద్దు. దాన్ని కన్నది నా చెల్లెలు. సంబంధం లేదని ఆచంద్రార్కం రాసేదానికి మనమెవరం?"

నాన్న ఏదో చెప్పబోయాడు. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నేను లేచి నిలబడి, పదకొండేళ్ల గొంతు ఎంత పెద్దదో అంత పెద్దగా అరిచాను. "మీకెవరికీ నేనొద్దు! ఈమెకు ముందునుంచీ వొద్దు!" అని పెద్దమ్మ వైపు వేలు చూపించి పెరట్లోకి పరుగెత్తాను. ఆ వేలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

కొళాయి గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. బుజ్జగించలేదు. చుక్కలు కారుతున్న కొళాయిని బిగించింది.

"మీ పెద్దమ్మకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు నేను ఈ ఇంట్లోనే ఉండాను" అంది. "ఎంత సంబరమో! ఏడాది బిడ్డకు, రెండేళ్ల బిడ్డకు, మూడేళ్ల బిడ్డకు అని వరసగా గౌన్లు కుట్టి పెట్టె నింపింది. ఆ బిడ్డకు ఒక్కటీ తొడగలేదు. రెండో బిడ్డకూ అంతే. అప్పట్నుంచి రేపటి సంగతి నోటితో అనదు. గట్టిగా అడిగితే ఎవరో విని బిడ్డను పట్టుకుపోతారని దానికి భయం. నిన్ను రెండు నాళ్లకని చెప్పి చెప్పి అయిదేళ్లు కాపాడుకొనింది. నీకర్థమయిందా?"

అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది, ఎందుకంటే ఇంకా కోపంగానే ఉండాలని ఉంది నాకు. అమ్మ నా ముక్కు తన చెంగుతో తుడిచింది. ఆమెను అంత దగ్గరగా చూసి ఎన్నాళ్లైందో. బాగా చిక్కిపోయింది. నన్ను ఇచ్చెయ్యడానికి రైలెక్కి వచ్చిన మనిషి ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాకప్పటిదాకా ఆమె గురించి ఆలోచన రాలేదు.

ఆ కాగితం ఎన్నటికీ రిజిస్టరు కాలేదు. పెదనాన్న మళ్లీ రాయనూ లేదు, పెద్దమ్మ అడగనూ లేదు. నేను ఆ ఇంట్లోనే పెరిగి పెద్దదాన్నయ్యాను. బడి రిజిస్టర్లలో చివరిదాకా పెదనాన్న పేరు ముందు 'గార్డియన్' అనే ఉంది. నాకు పెళ్లయినప్పుడు శుభలేఖలో ఎవరి పేర్లు వేయాలనే ప్రశ్న వస్తే పెదనాన్న నాలుగు పేర్లూ వేయించి ప్రెస్సువాడికి విసుగు తెప్పించాడు. అదంతా తరవాతి మాట. ఆ ఆదివారం ఇంకా అయిపోలేదు.

అమ్మ నా చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఊదాల్సిన పని లేకపోయినా ఊదుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్లనని మేమిద్దరం నమ్మినట్టు ఊరుకున్నాం.

"అక్కను అమ్మా అని పిలువు" అంది అమ్మ నాతో.

పెద్దమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "వొద్దు చెల్లీ, ఎందుకిప్పుడు..." అంది.

"ఇప్పుడే పిలవాల. నేనుండంగానే పిలవాల. నేను బండెక్కినాక పిలిస్తే నాకెట్ల తెలుస్తాది?" అని, నా వైపు తిరిగి, "పిలువు" అంది.

"మరి నిన్ను?"

"నన్నూ పిలువు. రెండుసార్లు పిలిస్తే నోరరిగిపోతాదా?"

నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను. ఎవరి ముఖం చూసి పిలవాలో తెలియక, పొయ్యిలో మంట వైపు చూస్తూ "అమ్మా" అన్నాను. ఇద్దరూ ఒక్కసారే పలికారు.