స్లింగులో పట్టినంత

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం. విశాఖ పోర్టు గోడౌనులో నేను టాలీ మేస్త్రీని, అంటే ఓడ దిగిన సరుకు సరిచూసేవాణ్ణి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కంప్యూటరు రాదు, వచ్చని చెప్పను.

ఆ రోజు యూరియా. ప్రతి బస్తాకీ ఒక నంబరు. అన్నీ వెబ్‌సైటులోకి ఎక్కితేనే లారీలకు గేట్‌పాస్. ఆ ప్రోగ్రామ్ రాసింది మల్కాపురం పిల్ల మెర్సీ. మధ్యాహ్నంలోగా లారీలు కదలకపోతే పాత కాగితాలకే పోతామని మేనేజరు తేల్చేశాడు. అంటే ఆమె ఉద్యోగం పోయినట్టే.

యారాడ కొండ మీంచి మబ్బు దిగుతోంది. ఓడ నీళ్లలో ఉందో, మబ్బులో ఉందో తెలియడం లేదు. మెర్సీ ముందు తెర మీద చిన్న చక్రం నిద్రలో ఉన్నట్టు తిరుగుతోంది.

"ఏటమ్మా సేత్తంది నీ మిషను?"

"ఒక్కో నంబరూ డేటాబేస్‌కి పంపి, అది రాసుకునేదాకా ఆగుతంది తాతా."

డేటాబేస్ అంటే నంబర్లు దాచే కొట్టట.

"ఇదేం పనే! నానేటి, ఒక్కో బస్తాకీ క్రేను దించుతానా? స్లింగులో పేర్చి ఒక్కపాలే ఎత్తుతాను."

స్లింగంటే బస్తాలు కట్టే తాళ్ల వల. మెర్సీ వెంటనే నంబర్లన్నీ ఒకే మూటగా పంపింది. డేటాబేస్ ఆ మూట మొత్తాన్నీ తిప్పికొట్టింది. ఎక్కడో ఒకే నంబరు రెండుసార్లు ఉందట. ఆమె కళ్లలో నీళ్లు.

"ఏడుపెందుకు? ఓడంతా ఒక్క స్లింగులో ఏత్తే తాడు తెగదా? మోసినంతే కట్టు."

"మళ్లీ పాడు నంబరొత్తే?"

"ఆ స్లింగొక్కటీ పక్కన దించు. ఓడనాపకు."

మెర్సీ ఐదేసి వందల నంబర్లు ఒక్కో కట్టగా కట్టి పంపింది. దీన్ని బ్యాచ్ ఇన్సర్ట్ అంటారట. ఒక్కో కట్టకీ ఒక్కసారే 'రాసుకున్నాను' అనే జవాబు. ఒక్క కట్ట తిరిగొస్తే దాన్ని పక్కన దించింది. చక్రం ఆగింది. తొలి చినుకులకి టార్పాలిన్లు కప్పుకుని లారీలు ఒకదాని వెనక ఒకటి మసకలోకి జారిపోయాయి.

పక్కన దించిన కట్ట విప్పితే రెండు బస్తాలకు ఒకే నంబరు. చిరిగిన బస్తాలోంచి ఒలికింది వేరే సంచిలో నింపి, దానికీ ఆ నంబరే అతికించడం మా గ్యాంగు అలవాటు. నేర్పింది నేనే. మేనేజరు మెర్సీ మీద అరవబోతే చెప్పాను, "ఆ పిల్లది కాదు బాబూ, తప్పు నాది."

చదువు మొదలెట్టిన రోజుల్లో అక్షరం అక్షరం కూడబలుక్కునేవాణ్ణి. చివరికొచ్చేసరికి మొదటిది మరిచిపోయేవాణ్ణి. ఒకనాడు మాట మొత్తం ఒక్కసారే కళ్లకి ఆనింది. మెర్సీకి నేను చెప్పింది అంతే. నాకు ఆమె మిషను నేర్పింది వేరు: ఇన్నేళ్లూ నేను సరిచూశాననుకున్న టాలీ సరైనది కాదు. ఆ మర్నాటి నుంచి ఒలికింది నింపిన సంచికి కొత్త నంబరు నా చేత్తోనే రాస్తున్నాను.