మెండెల్ గారి రెండో తేదీ

విఘ్నాలను తొలగించే స్వామికి నమస్కరించి, శుక్ల నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ షష్ఠీ శనివారం నాడు, జెర్సీ సిటీలోని మా మేడమీది వాటాలో కూర్చుని ఇది వ్రాస్తున్నాను.

కింది వాటాలో ఎవరో రంగులు వేయిస్తున్నారు. ఆ వాసన మెట్లెక్కి వచ్చి మా పూజ అర దగ్గర నిలిచింది. అర వెనుక గోడమీద ఒక పెద్ద మచ్చ ఉంది. తక్కిన గోడ అంతా లేతపసుపు, అది మాత్రం తెలుపు. అది మా ఇంటి యజమాని మెండెల్ గారి నిర్వాకం. ఆయన పోయి రెండేళ్ళు కావస్తున్నా, ఆ మచ్చను చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే.

ఆయన బడిలో లెక్కలు చెప్పి విరమించిన యూదు పెద్దమనిషి. భార్య పోయాక కింది వాటాలో ఒంటరిగా ఉండేవారు. యూదులు తమ ధర్మగ్రంథమైన తోరాను వారానికొక భాగంగా శనివారాలలో చదువుతారు. ఏడాదికి ముగించి, మళ్ళీ మొదటికి వస్తారు. అందరూ చదివి, దాని నీతిని తలచుకుని, ఇంటికి పోయి భోజనం చేస్తారు. మెండెల్ గారు మాత్రం ఆ వారపు నీతిని మా వాటామీద అమలు జరిపేవారు. మిద్దెకు పిట్టగోడ కట్టుమని చెప్పే భాగం వచ్చిన వారం, మా వెనుక వసారాకు ఛాతీ ఎత్తున చెక్కలు బిగించారు. "ఈయన శాస్త్రం సంతకెళ్ళ! తువ్వాలు ఆరేసుకోవడానికి నిచ్చెన తెచ్చుకోనా?" అని మా ఆవిడ నామీద విరుచుకుపడింది. ఇంటి గోడలకు సోకే తెగులును గూర్చిన భాగం వచ్చినప్పుడైతే, పరీక్షకు ముందు ఇల్లు ఖాళీ చేయాలన్నది విధి అంటూ, మా గిన్నెలూ దేవుళ్ళతో సహా అన్నీ వసారాలోకి మోయించి, అర వెనుక పెచ్చులూడగొట్టారు. లోపల ఏ తెగులూ లేదు.

"ఏమీ లేదు కదండీ!" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"లేదని ఇప్పుడు తెలిసింది, ప్రొఫెసర్. పొద్దున తెలుసా నీకు?" అన్నారు. నేను కళాశాల గ్రంథాలయంలో సంస్కృత గ్రంథాల పట్టిక వ్రాసే ఉద్యోగిని మాత్రమే. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ప్రొఫెసర్‌నే.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ సంపూర్ణంగా పొత్తు కుదిరేది. భార్య పోయిన దినాన్ని ఆయన చాంద్రమానపు తేదీని బట్టే పాటించి దీపం పెట్టేవారు. ఇంగ్లీషు తేదీకి పెట్టే బంధువులను తిట్టిపోసేవారు. మా నాన్నగారి ఆబ్దికం నేను జ్యేష్ఠ బహుళ త్రయోదశినాడే పెడతాను. క్యారీ అనే దూరపు ఊళ్ళో మందుల కంపెనీలో పనిచేసే మా తమ్ముడు సూరి మాత్రం, ఒక ఏడాది దానిని దగ్గరలోని ఆదివారానికి జరిపాడు. అప్పటినుంచి నేను వాడితో మాట్లాడలేదు. మరుసటి ఏడాది, రక్తాక్షి సంవత్సరంలో, అంటే 1984లో, త్రయోదశి మంగళవారం పడింది. దానికి పదకొండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, వాడే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆ వీక్ ప్లాంట్‌లో ఇన్‌స్పెక్షన్. లీవ్ అడిగితే మేనేజర్ నవ్వాడు. సండేకి పెట్టుకుందాం, నువ్వొచ్చి మంత్రం చెప్పు. నువ్వు లేకపోతే నాకేం తెలుస్తుంది?"

"పితృదేవతలు నీ మేనేజర్‌ను అడిగి వస్తార్రా?"

"అయితే నేనసలు పెట్టొద్దా? నాకు మాత్రం నాన్న కాడా?"

"ఆదివారం పెట్టేది తద్దినం కాదు, విందు! ఇంక నాకు ఫోన్ చేయకు" అని రిసీవర్ విసిరికొట్టాను. ఈ ఇంటికి పైకప్పులు పలుచన, మా మాటలు కింది వాటాకు వినిపిస్తాయి.

మరునాడు మధ్యాహ్నం తలుపు దబదబ మోగింది. శనివారం మెండెల్ గారు కాలింగ్ బెల్ నొక్కరు. విద్యుత్తు ముట్టుకోకూడదని నియమం. పిడికిలితో బాదడానికి అడ్డేమీ లేదు కాబోలు. తమ్ముడిని తిట్టడానికి తోడు దొరికిందని సంతోషించి, కుర్చీ వేసి జరిగినదంతా చెప్పాను.

"ఈ వారం భాగంలో ఏముందో తెలుసా?" అన్నారు.

"మళ్ళీ గోడేనా?"

"కాదు. పస్కా పండుగ. తేదీ కచ్చితం. కొందరు శవాన్ని ముట్టుకున్నారు, మైల. పండుగ చేయకూడదు. వాళ్ళు మా ప్రవక్త మోషే దగ్గరికొచ్చి, మమ్మల్ని ఎందుకు వెలివేయాలని అడిగారు. వాళ్ళకీ, దూరప్రయాణంలో ఉన్నవాళ్ళకీ దేవుడు నెల తరవాత రెండో తేదీ ఇచ్చాడు."

"అదీ చంద్రుడి తేదీయే కదా! ఆదివారం కాదే! పైగా మా సూరి ప్రయాణంలో లేడు, ఉద్యోగంలో ఉన్నాడు."

"బాగుంది, ఇంకా వాదించు!" అని తొడ చరిచారు. "నేనూ ఒప్పుకోను ఆదివారానికి. సరే, వాళ్ళు అడిగినప్పుడు మోషే ఏమన్నాడు?"

"మీరే చెప్పండి."

"ఆగండి, కనుక్కుంటాను, అన్నాడు. అంతటివాడికీ తెలియలేదు. నువ్వు ఫోన్లోనే చెప్పేశావు. ఎవరిని కనుక్కున్నావు, ప్రొఫెసర్?"

నాకు ఒళ్ళు మండింది. విఘ్నం వస్తే ఆబ్దికం అమావాస్యనాడు పెట్టవచ్చునని మా శాస్త్రంలోనూ ఉన్నదని, అది నాకు కంఠతా వచ్చునని అరిచాను. అరిచాక ఆగాను.

"మరి తమ్ముడికి చెప్పావా?" అని లేచి, వసారా చెక్కలు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసుకుని, ఆయన కిందికి వెళ్ళిపోయారు.

సాయంత్రం సూరికి ఫోన్ చేసి అమావాస్య మాట చెప్పాను. ఆ అమావాస్య గురువారం వచ్చింది. వాడు, "థర్స్‌డే కూడా ఇన్‌స్పెక్షనే అన్నయ్యా" అన్నాడు. నా దగ్గర శాస్త్రం అయిపోయింది. "సరే, ఆగు, కనుక్కుంటాను" అన్నాను. ఎవరిని కనుక్కోవాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియలేదు. కాని ఆ మాట నా నోట ఉండిపోయింది. ఎవరు ఏమి అడిగినా ముందు అదే వస్తుంది. మా ఆవిడ దానికీ విసుక్కుంటుంది.

త్రయోదశినాడు నా ఆబ్దికం నేను యథావిధిగా ఇక్కడ పెట్టుకున్నాను. రక్తాక్షి నామ సంవత్సర ఆషాఢ శుద్ధ తదియ, ఆదివారం నాడు, క్యారీలో సూరి తన ఇంట్లో పిండప్రదానం చేశాడు. పక్కన కూర్చుని మంత్రం నేను చెప్పాను.