జింక్ సిరప్

వయసులో ఉన్నప్పుడు మనిషి చెవులు సగమే వింటాయి. మిగతా సగాన్ని మనసు తనకు లాభమయ్యేట్టు పూరించుకుంటుంది. ఆ రోజుల్లో నేనూ అంతే. ఇద్దరు పిల్లల తల్లిని, చిక్కడపల్లి గల్లీలో సొంతిల్లు, పైన ఒక కిరాయి గది. చదివింది నాలుగో తరగతే అయినా, నన్ను అడగకుండా ఇంట్లోంచి ఉల్లిపొట్టు కూడా బయటికి పోయేది కాదు. (అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేసి వాడేదాన్ని. అందులో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.)

అశోక్‌నగర్ హాస్టళ్లు నిండితే, సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు గదుల కోసం మా గల్లీలోకి వచ్చేవారు. వారిలో ఒకడు మాత్రం వేరు. పశువుల డాక్టరు చదువు పూర్తిచేసి, అడవి జింకలకు వచ్చే రోగాల మీద పరిశోధన చేస్తున్నానన్నాడు. "జింకలకు డాక్టరెందుకు తమ్మీ?" అని అడిగాను. "ఇంట్ల బర్రెకు గాలికుంటు వస్తే సూదేయిస్తరు. అదే రోగం అడవిల జింకకొస్తే ఎవరు జూస్తరక్కా?" అన్నాడు. పైగది తాళం చేతిలో పెట్టి, పొద్దున ఏడు దాటితే నల్లా రాదని చెప్పాను. గల్లీ అతనికి జింకల డాక్టరని పేరు పెట్టింది.

ఎండాకాలంలో ఒక శనివారం సాయంత్రం అతను ఒళ్లంతా దుమ్ముతో, చేతిలో ఐసు డబ్బాతో అడవి నుంచి వచ్చాడు. నేను వంటింట్లో మిక్సీ తిప్పుతున్నాను. "అక్కా, కాలేజీ ల్యాబు బందున్నది. సోమారం దాక జింక సీరం శాంపిల్స్ మీ ఫ్రిజ్‌ల జర పెట్టుకోనా? ఖరాబైతే నా పని మొత్తం ఖతం" అన్నాడట. మిక్సీ మోతలో నా చెవికి చేరింది మాత్రం 'జింక్ సిరప్ శాంపిల్స్'. పిల్లలకు విరేచనాలైతే నారాయణగూడ డాక్టరు రాసే జింక్ సిరప్ నాకు బాగా తెలుసు. శాంపిల్స్ అంటే మందుల కంపెనీలు డాక్టర్లకు ఊరికే ఇచ్చేవనీ తెలుసు. జింకలకైనా డాక్టరు డాక్టరే కదా! "పాలగిన్నె పక్కన పెట్టుకో తమ్మీ" అన్నాను. చిటికెన వేలంత గొట్టాలు, లోపల లేత పసుపు రంగు నీళ్లు.

మరునాడు మా ఆయన పొద్దుటినుంచి బాత్రూముకు తిరుగుతూనే ఉన్నారు. ముందురోజు తిన్న మిరపకాయ బజ్జీల పుణ్యం. మెడికల్ షాపుకు పోతానని చెప్పులేసుకుంటుంటే ఆపాను. "ఇంట్ల మందు పెట్టుకొని షాపెందుకు?" ఒక గొట్టం మూత తీసి, అందులో సగం స్టీలు చెంచాలో పోశాను.

"ఏందే ఇది, నీసు వాసనొస్తుంది?"

"మందు మందు లెక్కనే ఉంటది, అత్తరు లెక్క ఉంటదా? ముక్కు మూసుకొని మింగుండ్రి."

చెంచా పెదవికి తగిలిందో లేదో, గొట్టాలు చూసుకుందామని వచ్చిన జింకల డాక్టరు గుమ్మంలోంచే కేక పెట్టాడు. "సార్! మింగకుండ్రి! అది జింక నెత్తురుల కెళ్లి తీసింది!"

ఆ మాటతో మా ఆయన కడుపు అక్కడికక్కడే కట్టుకుంది. (అసలు సిరప్ కూడా అంత తొందరగా పని చేయదు.) డాక్టరు మాత్రం ఆయన వంక చూడనే లేదు. గొట్టం మీది గుర్తు చూసి తెల్లబోయాడు. "ఇది ముసలి జింకదక్కా. నెత్తురు తీసిన తెల్లారి సచ్చిపోయింది, మల్ల తీద్దమన్నా లేదు. ఊళ్లె పశువుల రోగం అడవికెక్కిందా లేదా అన్నది గీ గొట్టంలనే ఉన్నది." గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "సగమున్నది! మొత్తమెందుకు పోయలే?"

"మిగిలింది రేపటికి పనికొస్తదని."

అతను మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "మీ పిసినారితనానికి దండమక్కా. సగం చాలు."

ఆ తరువాత అతను మెట్లు దిగిన ప్రతిసారీ "ఏం తేలింది తమ్మీ?" అని నేనే అడ్డం పడేదాన్ని. చివరికి ఒకనాడు చేతులు జేబుల్లో పెట్టుకొని వచ్చాడు. "గాలికుంటు లేదు, ఏ రోగం లేదక్కా. ముసల్దైంది, పోయింది. అంతే." అడవికి మంచి కబురే గాని, వెతికినవాడి మొహంలో కాస్త వెలితి కనిపించింది. లోపలినుంచి మా ఆయన గొంతు వినిపించింది: "అంటే, నాకు ముసల్దాని నెత్తురు తాపబోయినవా!"

ఇప్పుడు నాకు ఏ కీలు నొచ్చినా మా కోడలు నారాయణగూడకు తీసుకుపోయి రక్తపరీక్షలు చేయిస్తుంది. అన్నీ నార్మలేనని వస్తాయి. "మరి నొప్పులెందుకత్తమ్మా?" అంటూ రిపోర్టులు తిప్పి తిప్పి చూస్తుంది. రోగం దొరకలేదని దానికీ అదే వెలితి. జవాబు జింకల డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఆటో వద్దని చెప్పి చిక్కడపల్లి దాకా మెల్లగా నడుస్తాను. ఆ ముసలి జింకను నేనెన్నడూ చూడలేదు. కానీ ఈ మధ్య దాని నడక ఎట్లా ఉండేదో తెలుస్తోంది.